కామెర్ల మూలాన్ని కనుగొన్న బ్లంబర్గ్

ధర్మపురి సీమకు ఉసిరికాయతో ఉన్న అనుబంధం ప్రాచీనమైనది. తగడూరు అనే పేరుతో ఈ ప్రాంతాన్ని ఏలిన అదియమాన్, దీర్ఘాయువునిచ్చే అరుదైన ఉసిరిఫలాన్ని తాను భుజింపక కవయిత్రి అవ్వైయారుకు సమర్పించిన కథ ఇక్కడి పిల్లలందరికీ తెలిసినదే. ఆ పెద్ద ఉసిరి మాట అలా ఉంచితే, వానలు కురిసిన వెంటనే చేనిగట్ల మీద, పెరటి దొడ్లలో జానెడెత్తున మొలిచే నేల ఉసిరికి కూడా ఈ పల్లెలలో పేరు తక్కువేమీ కాదు. తమిళులు దానిని కీళానెల్లి అంటారు. కామెర్లు సోకిన మనిషికి ఆ మొక్కను నూరి మజ్జిగలో కలిపి ఇవ్వడం తరతరాలుగా సాగుతున్న ఆచారం.

ఈ చిన్న మొక్క 1980లలో సముద్రాలు దాటి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పరిశోధనశాలకు చేరింది. అక్కడ దానిని పరీక్షించిన బృందంలో ప్రముఖుడు బారుక్ శామ్యూల్ బ్లంబర్గ్. శరీరంలో ఏళ్ల తరబడి దాగి ఉండి కాలేయాన్ని క్షీణింపజేసే హెపటైటిస్ బి వైరస్ జాడను పట్టి, దానికి టీకా మార్గాన్ని చూపి, 1976లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయనే. ఊరు విడిచి పరాయి దేశాలకు పోయేవారి ఆరోగ్యానికి, వారి ఉపాధికి కూడా ఆయన కనిపెట్టిన ఒక రక్తపరీక్షతో నేటికీ సంబంధమున్నది. అందువల్ల సరిహద్దు పల్లెల వారు తెలుసుకోదగిన జీవితం ఆయనది.

బ్లంబర్గ్ 1925 జూలై 28న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తండ్రి మేయర్ న్యాయవాది, తల్లి ఐడా. ఆయన తాతలు పందొమ్మిదవ శతాబ్దం చివరలో ఐరోపా నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ అమెరికాకు వలస వచ్చిన యూదులు. బాల్యంలో యూదుల మతపాఠశాలలో హీబ్రూ భాషను, ధర్మగ్రంథాలను చదువుకున్నారు. ఒక వాక్యాన్ని పట్టుకుని దాని అర్థాన్ని పది విధాలుగా తర్కించే ఆ అభ్యాసం తన శాస్త్రబుద్ధికి పునాది వేసిందని తరువాతి కాలంలో ఆయన భావించేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, తీరానికి సైన్యాన్ని చేర్చే ఓడలో అధికారిగా పనిచేశారు. భౌతికశాస్త్రంలో పట్టా పొంది, ఉన్నత గణితం చదవడానికి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. తండ్రి సలహా మేరకు ఆ గణితాన్ని మధ్యలో వదిలి 1947లో వైద్యకళాశాలలో ప్రవేశించి, 1951లో వైద్యపట్టా అందుకున్నారు.

వైద్యవిద్యలో మూడవ, నాలుగవ సంవత్సరాల నడుమ గడిపిన కొన్ని నెలలు ఆయన జీవితగతిని నిర్ణయించాయి. దక్షిణ అమెరికా ఉత్తర తీరాన సూరినామ్ అనే చిన్న దేశమున్నది. ఆనాడు అది డచ్చివారి వలసరాజ్యం. అక్కడ అడవుల నడుమ, నది మీదుగా మాత్రమే చేరగల మోయెంగో అనే గనుల పట్టణానికి విద్యార్థి బ్లంబర్గ్ వెళ్లారు. చెరకు తోటలలో పనికి వివిధ కాలాలలో తరలించబడిన జనుల సంతతి ఆ దేశమంతటా నిండి ఉన్నది. ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చినవారి వంశీకులు, జావా ద్వీపవాసులు, చైనావారు ఉన్నారు. ఒప్పంద కూలీలుగా కలకత్తా రేవు నుండి ఓడలెక్కిన భారతీయుల పిల్లలు కూడా అక్కడివారే. ఇంచుమించు అదే కాలంలో మన తెలుగువారు మారిషస్‌కు, నటాల్‌కు, ఫిజీకి, బర్మాకు కూలీలుగా పోయారు.

మోయెంగోలో బ్లంబర్గ్ ప్రసవాలు చేశారు, జ్వరాలకు మందులిచ్చారు, ఆ ప్రాంతంలో మలేరియాపై తొలి సర్వే నిర్వహించారు. అక్కడ ఆయన కంటబడిన ఒక విషయం మనసును వదలలేదు. బోదకాలు వ్యాధిని కలిగించే క్రిమి ఆ పట్టణంలోని అన్ని జాతులవారి మధ్యా తిరుగుతున్నది. అవే దోమలు అందరినీ కుడుతున్నాయి. అయినా ఒక సమూహానికి వ్యాధి ఎక్కువగా, మరొక సమూహానికి తక్కువగా సోకుతున్నది. ఒకే నీరు తాగి ఒకే గాలి పీల్చే మనుషులలో ఈ భేదమెందుకు? పుట్టుకతో వచ్చిన తేడానా, బ్రతుకు తీరులోని తేడానా? ఆయన ప్రచురించిన తొలి శాస్త్రవ్యాసం ఆ అనుభవం నుండి పుట్టినదే. ఆ ప్రశ్న మాత్రం ఆయనను జీవితాంతం వెంటాడింది.

న్యూయార్క్‌లోని బెల్లెవ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొందారు. నిరుపేదలతో సదా కిటకిటలాడే ధర్మాసుపత్రి అది. 1954లో చిత్రకారిణి జీన్ లీబెస్మన్‌ను వివాహమాడారు. వారికి నలుగురు సంతానం. పిమ్మట ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లోని బాలియోల్ కళాశాలలో చేరి, 1957లో జీవరసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో చేరినప్పటి నుండి ఆయన పని ఒక్కటే. దేశదేశాల ప్రజల రక్తపు నమూనాలను సేకరించి, వారి రక్తంలోని మాంసకృత్తులు ఒకరి నుండి మరొకరికి ఎట్లా భేదిస్తాయో పరిశీలించడం. నైజీరియా మొదలు పసిఫిక్ ద్వీపాల వరకు ఆయన బృందానికి నమూనాలు చేరేవి.

ఈ భేదాలను పట్టుకోవడానికి ఆయన ఎంచుకున్న ఉపాయం సరళమైనది. మాటిమాటికి రక్తం ఎక్కించుకునే రోగి శరీరంలోకి ఎందరో దాతల రక్తం చేరుతుంది. తనకు లేని పదార్థమేదైనా ఆ పరాయి రక్తంలో ఉంటే, రోగి శరీరం దానిని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అందుచేత అటువంటి రోగుల రక్తరసం ఇతరుల రక్తంలోని తేడాలను కనిపెట్టే సాధనమవుతుంది. గాజు పలక మీద సముద్రపు పాచి నుండి తీసిన అగర్ జిగురును పలుచగా పరచి, దానిలో చిన్న గుంటలు చేసి, ఒక గుంటలో రోగి రక్తరసాన్ని, చుట్టూ ఉన్న గుంటలలో ఇతరుల రక్తరసాన్ని పోసేవారు. రెండూ జిగురులో పాకుతూ వచ్చి ఒకదానికొకటి తగిలిన చోట, జోడు కుదిరితే సన్నని చంద్రవంక వంటి గీత ఏర్పడేది. కుదరకపోతే ఏమీ కనిపించదు. ఈ పనిలో ఆయనకు తోడ్పడిన యువ వైద్యుడు హార్వీ ఆల్టర్. చాలా కాలం తరువాత, 2020లో, హెపటైటిస్ సి వైరస్ విషయంలో ఆయనకూ నోబెల్ దక్కింది.

1963లో ఆ జిగురు పలక మీద ఒక వింత గీత కనిపించింది. న్యూయార్క్‌కు చెందిన ఒక హీమోఫీలియా రోగి రక్తరసాన్ని ఇరువదినాలుగు నమూనాలతో కలిపి చూడగా, ఒకే ఒక దానితో జోడు కుదిరింది. ఆ నమూనా ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరిది. సాధారణంగా ఈ గీతలు రంగు వేస్తే నీలంగా మారేవి. ఇది ఎరుపు ఛాయకు తిరిగింది. అంతవరకు తెలిసిన పదార్థాల వంటిది కాదని దానివల్ల తేలింది. భూగోళానికి రెండు కొసలలో ఉన్న ఇద్దరు మనుషుల రక్తం ఎందుకు ఇట్లా స్పందించినది? సమాధానం తెలియక దానికి ఆస్ట్రేలియా యాంటీజెన్ అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఈ కథలోని చమత్కారమంతా ఇక్కడే ఉన్నది. ఆయన కామెర్లను వెదకలేదు. వైరస్‌ను వెదకలేదు. మనుషుల మధ్య భేదాన్ని వెదకుతుంటే వైరస్ దొరికింది.

1964లో బ్లంబర్గ్ ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ ఛేజ్ క్యాన్సర్ పరిశోధనా సంస్థకు మారారు. వేలాది నమూనాలను పరీక్షించారు. అమెరికాలోని సామాన్య జనంలో ఈ యాంటీజెన్ వేయిమందిలో ఒకరికి మాత్రమే కనిపించగా, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ ప్రాంతాలలో విరివిగా ఉన్నది. కొన్ని కుటుంబాలలో మరీ ఎక్కువ. అందుచేత ఇది వంశపారంపర్యంగా సంక్రమించే లక్షణమని ఆయన తొలుత భావించారు. చూడబోతే సహేతుకమైన ఊహయే. తల్లికి ఉంటే పిల్లలకూ ఉంటున్నది, ఒక జాతిలో ఉంటే మరొక జాతిలో ఉండటం లేదు. ఇంతకంటే వంశలక్షణానికి సాక్ష్యం ఏమి కావాలి?

ఆ ఊహ తప్పని తేలడానికి మూడేళ్లు పట్టింది. రక్తక్యాన్సర్ రోగులలో, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ యాంటీజెన్ ఎక్కువగా ఉన్నట్లు గమనించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ, వందలమంది కలిసి ఉండే పెద్ద ఆశ్రమాలలో నివసించేవారికి ఎక్కువగా, పుట్టిన పసివారిలో బొత్తిగా లేనట్లు కనబడింది. పుట్టుకతో వచ్చే లక్షణమైతే శిశువులోనే ఉండాలి కదా. 1966లో, అంతకుముందు యాంటీజెన్ లేని ఒక రోగికి రెండవసారి పరీక్షలో అది కనిపించింది. వంశలక్షణం నడుమ పుట్టుకురాదు. పరిశీలించి చూడగా ఆ రోగికి ఆ వ్యవధిలో కాలేయవాపు సోకినట్లు తెలిసింది. మరుసటి ఏడు ప్రయోగశాలలోనే పనిచేసే ఒక యువతికి నలతగా ఉండి, మూత్రం రంగు మారింది. ఆమె తన రక్తాన్ని తానే పరీక్షించుకున్నది. అంతకుముందు లేని గీత జిగురులో తెల్లగా కనిపించింది. తరువాత ఆమెకు కామెర్లు బయటపడ్డాయి. రక్తపరీక్ష ద్వారా ఈ కాలేయవ్యాధిని గుర్తించిన తొలి సందర్భం అదే. ఆమె పూర్తిగా కోలుకున్నారు.

1967లో బ్లంబర్గ్ బృందం ఈ యాంటీజెన్‌కూ కాలేయవాపుకూ ఉన్న సంబంధాన్ని ప్రకటించినప్పుడు విజ్ఞులలో చాలామంది సంశయించారు. కామెర్ల వైరస్‌ను పట్టుకున్నామని అంతకుముందు చెప్పి భంగపడినవారు ఎందరో ఉండటమే అందుకు కారణం. ఆ మరుసటి సంవత్సరం జపాన్‌లోనూ న్యూయార్క్‌లోనూ వేరువేరుగా జరిగిన పరిశోధనలు ఆయన మాటను స్థిరపరచాయి. జిగురులో చిక్కిన ఆ పదార్థం వైరస్ పైపొర. రక్తనిధులలో దాతల రక్తాన్ని పరీక్షించడం ఆరంభమైంది. రక్తమార్పిడి వల్ల సంక్రమించే కామెర్లు గణనీయంగా తగ్గాయి. మన దేశంలో నేడు ప్రతి రక్తదాతకూ జరిపే పరీక్షలలో ఇది ఒకటి.

టీకా కథ కూడా చెప్పుకోదగినదే. సాధారణంగా టీకా కావాలంటే క్రిమిని ప్రయోగశాలలో పెంచి, చంపి లేదా బలహీనపరచి వాడాలి. హెపటైటిస్ బి వైరస్‌ను ప్రయోగశాలలో పెంచడం ఆనాడు సాధ్యపడలేదు. అయితే వాహకుల రక్తంలో ఒక విశేషమున్నది. అసలు వైరస్‌తో పాటు దాని పైపొర మాత్రమే ఉన్న వట్టి గుల్లలు అక్కడ అసంఖ్యాకంగా తిరుగుతుంటాయి. గింజలేని తాలు వంటివి అవి. వ్యాధిని కలిగించలేవు గాని, శరీరానికి శత్రువు రూపాన్ని పరిచయం చేయగలవు. వాటిని వడకట్టి శుద్ధిచేస్తే టీకా అవుతుందని బ్లంబర్గ్, ఆయన సహచరుడు ఇర్వింగ్ మిల్మన్ 1969లో ప్రతిపాదించారు. మనిషి రక్తం నుండి టీకా తీయడం అంతకుముందు ఎవరూ చేయని పని. ఆ విధానాన్ని చేపట్టిన మెర్క్ కంపెనీ పరిశోధకులు ఏళ్ల తరబడి శ్రమించిన మీదట 1981లో అమెరికాలో టీకాకు అనుమతి లభించింది. అప్పటికే ఎయిడ్స్ భయం అలముకొంటున్నది. రక్తం నుండి తీసిన మందంటే జనం జంకారు. 1986లో ఈస్ట్ కణాలలో ఆ పైపొరను తయారుచేసే పద్ధతి వచ్చిన తరువాత రక్తంతో పనిలేకపోయింది.

తైవాన్‌లో రాబర్ట్ పామర్ బీస్లీ అనే వైద్యుడు ఇరువదిరెండు వేలకు పైబడిన పురుషులను ఏళ్ల తరబడి గమనించి, ఈ వైరస్ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు ఇతరులకంటే రెండువందల రెట్లకు పైగా ఉన్నదని 1981లో నిరూపించారు. ఆ దేశం 1984లో శిశువులకు టీకా ఆరంభించింది. పదేళ్లు గడిచేసరికి పిల్లలలో కాలేయ క్యాన్సర్ ఇంచుమించు సగానికి తగ్గింది. ఈ విధంగా ఇది క్యాన్సర్‌ను నివారించిన తొలి టీకా కూడా అయింది.

టీకా పుట్టిన తరువాత కూడా చాలాకాలం అది భారతదేశపు పేదలకు అందలేదు. దిగుమతి చేసుకున్న మోతాదు ఒక్కొక్కటి వందల రూపాయలు పలికేది. కూలి చేసుకుని బ్రతికే కుటుంబం ముగ్గురు పిల్లలకు మూడేసి మోతాదులు వేయించడం ఊహకందని మాట. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ స్వదేశంలోనే ఈ టీకాను తయారుచేసి విపణిలోకి తెచ్చిన తరువాత ధర పడిపోయింది. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరిట స్థాపించిన సంస్థ అది. ఫిలడెల్ఫియాలో మొదలైన పని తెలుగునేల మీద ఒక మలుపు తిరిగిందనడం అతిశయోక్తి కాదు. పిమ్మట ప్రభుత్వం దశలవారీగా ఈ టీకాను పిల్లలందరికీ ఉచితంగా ఇచ్చే జాబితాలో చేర్చింది. 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళ రాష్ట్రాలలో అయిదు వ్యాధులకు ఒకే సూది మందు ఆరంభమైనప్పుడు, హెపటైటిస్ బి కూడా అందులో ఒకటి.

ఇక నేల ఉసిరి సంగతి. బ్లంబర్గ్ భారతదేశానికి కొత్తవారు కారు. బెంగుళూరులో సందర్శక ఆచార్యులుగా కొంతకాలం గడిపారు. ఫాక్స్ ఛేజ్‌లో ఆయన సహచరులైన వెంకటేశ్వరన్, మిల్మన్‌లతో కలిసి, మన దేశంలో కామెర్లకు వాడే మొక్కలను పరిశీలించారు. ఉడుత కుటుంబానికి చెందిన ఉడ్‌చక్ అనే జంతువుకు సోకే ఇటువంటి వైరస్‌పై నేల ఉసిరి సారాన్ని ప్రయోగించి, ఆశాజనకమైన ఫలితాలను 1987లో ప్రచురించారు. మరుసటి ఏడు మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందంతో కలిసి మనుషుల మీద జరిపిన పరీక్ష లాన్సెట్ పత్రికలో వెలువడింది. నెల రోజుల పాటు నేల ఉసిరి పొడి పుచ్చుకున్న 37 మంది వాహకులలో 22 మందికి యాంటీజెన్ కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అట్లా జరిగింది.

ఈ వార్త తమిళనాడులో ఎంత సంచలనం కలిగించిందో ఊహించవచ్చు. పూర్వీకుల వైద్యానికి నోబెల్ విజేత ముద్ర పడినట్లయింది. కాని శాస్త్రంలో ఒక పరీక్షతో తీర్పు వెలువడదు. థాయిలాండ్‌లోనూ, న్యూజిలాండ్‌లోనూ తిరిగి పరీక్షించినప్పుడు ఆ ఫలితం రాలేదు. ప్రపంచంలో జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి 2011లో సమీక్షించినవారు, హెపటైటిస్ బికి ఈ మొక్క మందు అని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని నిర్ణయించారు.

మరి పల్లెలలో నేల ఉసిరి తిని కామెర్లు తగ్గినవారి మాటేమిటి? వారు అబద్ధమాడటం లేదు. మన పల్లెలలో కనిపించే కామెర్లలో అధికభాగం కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. అవి సాధారణంగా కొన్ని వారాలలో వాటంతటవే నయమవుతాయి. పత్యం చేసి పసరు తాగిన మనిషికి ఆ గుణం పసరుదనిపించడం సహజం. గర్భిణులకు మాత్రం ఇ రకం ప్రాణాంతకం కావచ్చును. పసరును నమ్ముకుని ఆసుపత్రికి పోవడంలో ఆలస్యం చేయరాదు. బి రకం దారి వేరు. అది నీటి వల్లగాని, కలిసి భోజనం చేయడం వల్లగాని, ఒకే కంచంలో తినడం వల్లగాని సోకదు. రక్తం ద్వారా, శారీరక సంపర్కం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. ఒకరికి గుచ్చిన సూదితో మరొకరికి గుచ్చడం, మంగలి కత్తి, జాతరలో పచ్చబొట్టు పొడిచే సూది, ఇవన్నీ దానికి వాహనాలే. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో సూదులను మళ్లీమళ్లీ వాడినందువల్ల ఈ వ్యాధి వ్యాపించి పలువురు మరణించారు. పెద్దవారికి సోకితే నూటికి తొంబదిఅయిదు మందికి పైగా దానిని వదిలించుకుంటారు. పుట్టుకలో సోకిన శిశువులలో నూటికి తొంబైమంది జీవితాంతం వాహకులవుతారు. వారికి కామెర్లే కనిపించకపోవచ్చు. కళ్లు తెల్లగానే ఉంటాయి, కాలేయం మాత్రం లోలోపల చెడుతూ ఉంటుంది.

కుటుంబాలను వెంటాడుతూ వంశలక్షణంలా భ్రమింపజేసిన రహస్యం ఇదే. తల్లి నుండి బిడ్డకు, ఆ బిడ్డ పెరిగి తల్లి అయితే ఆమె బిడ్డకు, ఈ విధంగా సాగుతూ వైరస్ ఆ వంశంతోనే ప్రయాణం చేస్తుంది. మనుషులు వలసపోతే అదీ పోతుంది. కొత్త దేశపు నీరు, గాలి దానిని మార్చవు. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ వైరస్ జన్యుపత్రాలను పోల్చి చూచి నాలుగు జన్యురూపాలుగా విభజించారు. పిమ్మట వాటి సంఖ్య పెరిగింది. బి, సి రూపాలు తూర్పు ఆసియావి. ఇ పశ్చిమ ఆఫ్రికాది. ఎఫ్ దక్షిణ అమెరికా ఆదివాసులది. మన దేశంలో ప్రధానమైనది డి, దాని తరువాత ఎ. కెనడాలోనో అమెరికాలోనో స్థిరపడిన వలస కుటుంబపు రక్తంలో ఉన్న జన్యురూపాన్ని చూస్తే, వారి మూలస్థానం ఏ దిక్కున ఉన్నదో చాలావరకు చెప్పవచ్చు. విజయనగర కాలం నుండి దక్షిణానికి తరలివచ్చి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారు భాషను, ఇలవేల్పులను వెంట తెచ్చుకున్నట్లే, మానవజాతి ఈ వైరస్‌ను వేల సంవత్సరాలుగా మోసుకుని తిరిగింది. 2018లో ఐరోపా, ఆసియా ఖండాలలో తవ్వి తీసిన ప్రాచీన అస్థికలలో, కొన్ని ఏడువేల ఏళ్ల నాటివాటిలో కూడా, దీని జన్యుపదార్థం లభించింది. ఆ వార్త వినడానికి బ్లంబర్గ్ లేరు.

జన్యురూపానికి వైద్యంలోనూ ప్రయోజనమున్నది. సి రూపం సోకినవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు బి రూపం కంటే అధికం. ఇంటర్‌ఫెరాన్ అనే మందుకు ఎ రూపం లొంగినంతగా డి రూపం లొంగదు. అమెరికా జనాభాలో ఆసియా మూలాలవారు కొద్దిమందే అయినా, ఆ దేశంలో దీర్ఘకాల హెపటైటిస్ బి ఉన్నవారిలో సగానికి పైగా వారేనని అంచనా. భారతదేశంతో సహా ఈ వైరస్ ప్రబలంగా ఉన్న దేశాలలో పుట్టినవారందరూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలని అమెరికా ఆరోగ్యశాఖ 2008లో సూచించింది. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఆ సూచన వర్తిస్తుంది.

పరీక్ష మందుకు దారి చూపినంతకాలం మేలే. అదే పరీక్ష తలుపు మూసే గడియగా కూడా మారింది. గల్ఫ్ దేశాలకు పనికి పోదలచినవారికి జరిపే వైద్యపరీక్షలలో హెపటైటిస్ బి ఒకటి. అది ఉన్నట్లు తేలితే అనర్హులే. ఏ లక్షణమూ లేని, కష్టపడి పనిచేయగల యువకుడు అప్పుచేసి దరఖాస్తు పెట్టుకుని, పుట్టుకలో సోకిన వైరస్ కారణంగా వెనుదిరుగుతాడు. పెళ్లి సంబంధాలు చెడినచోట్లు, వేరు గ్లాసు పెట్టిన ఇండ్లు కూడా లేకపోలేదు. ఇటువంటి ముప్పును బ్లంబర్గ్ 1970లలోనే ముందుగా ఊహించారు. తన పరీక్ష వల్ల వాహకులని పేరుపడినవారు ఉద్యోగాలకు, సమాజానికి దూరమవుతారేమోనని ఆందోళన చెంది, ఆ నైతిక సమస్య గురించి ప్రత్యేకంగా వ్యాసాలు రాశారు. తన ఆవిష్కరణ వల్ల కలిగే కీడును లెక్కవేసి చెప్పిన శాస్త్రవేత్తలు ఎక్కువమంది కనబడరు. వాహకులని తెలిసినవారిని వెలివేయడం కాక, వారి చుట్టూ ఉన్నవారికి టీకా వేయడమే మార్గమన్నది ఆయన పరిశోధన అంతటికీ తేలిన ఫలితం.

తరువాతి జీవితాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. 1989 నుండి 1994 వరకు తాను చదువుకున్న బాలియోల్ కళాశాలకే అధిపతిగా ఉన్నారు. ఏడు శతాబ్దాలు దాటిన ఆ కళాశాలకు అధిపతి అయిన తొలి అమెరికన్ ఆయన. 1999లో, డెబ్బైమూడేళ్ల వయసులో, భూమికి వెలుపల జీవం ఉన్నదా అని శోధించే నాసా జీవఖగోళ సంస్థకు డైరెక్టరుగా చేరి 2002 వరకు పనిచేశారు. కామెర్ల వేటపై ఆయన రాసిన గ్రంథం ఆ 2002లోనే వెలువడింది. 2011 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో ఒక సదస్సుకు హాజరై ప్రసంగించిన తరువాత గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు ఎనభైఅయిదు.

ఆయన జన్మదినమైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటించాలని ప్రపంచ ఆరోగ్య సభ 2010లో తీర్మానించింది. 2018లో అదే తేదీన భారత ప్రభుత్వం హెపటైటిస్ నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది. దీని కింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, అవసరమైనవారికి మందులు ఉచితం. మందు వైరస్‌ను పూర్తిగా తుడిచివేయకపోయినా దానిని అణచి ఉంచి కాలేయాన్ని కాపాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు. గర్భిణికి పరీక్షలో వైరస్ ఉన్నట్లు తేలితే, బిడ్డ పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపు తొలి టీకాను, దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ సూదిని ఇస్తారు. ఆరవ, పదవ, పదునాలుగవ వారాలలో మిగిలిన మోతాదులు వేస్తారు. బెంగుళూరు కట్టడాల పనికి పోయిన దంపతులు కాన్పుకు ఊరికి వచ్చి, బిడ్డ నెలలు నిండకముందే మళ్లీ తరలిపోతే, టీకా చీటీని వెంట తీసుకుపోయి అక్కడి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలో చూపితే చాలు, తరువాతి మోతాదులు అక్కడే వేస్తారు.